ఐఎస్‌ఓ కాపీ చేసినా పెన్‌డ్రైవ్ బూట్ అవ్వట్లేదు

ప్రశ్న (రాయగడ): 16 జీబీ పెన్‌డ్రైవ్‌లో జాగా ఉన్నా విండోస్ 11 ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ చెయ్యడానికి దించుకునే ఫైలు) ‘ఫైల్ చాలా పెద్దది’ అంటోంది. ఫ్యాట్32 బదులు ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా (రెండూ డ్రైవ్‌లో ఫైళ్లు పెట్టే పద్ధతులు) ఫార్మాట్ చేస్తే కాపీ అయింది, కానీ బూట్ మెనూ నుంచి ఎక్కట్లేదు. ఏం చెయ్యాలన్నా?

జవాబు (పర్లాకిమిడి): తమ్ముడూ, ఐఎస్‌ఓని మామూలు ఫైల్‌లా పడేస్తే బూట్ అవ్వదు. రూఫస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్‌లోకి రాయి. అందులో పార్టిషన్ స్కీమ్ (డ్రైవ్‌ని భాగాలు చేసే పద్ధతి) జీపీటీ, టార్గెట్ సిస్టమ్ యూఈఎఫ్‌ఐ (కొత్త కంప్యూటర్లు స్టార్ట్ అయ్యే పద్ధతి) పెట్టు. ఫ్యాట్32లో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. విండోస్ 11లోని ఇన్‌స్టాల్.విమ్ అనే ఫైలు సాధారణంగా దాటుతుంది. అందుకే రూఫస్ తనే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఎంచుకుని, బూట్ కోసం పక్కన చిన్న పార్టిషన్ పెడుతుంది. ఆ సెట్టింగ్ మార్చకు. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, ముందే ఫొటోలూ కాగితాలూ వేరేచోట దాచుకో. యూఈఎఫ్‌ఐ లేని పాత మెషీన్ అయితే జీపీటీ బదులు ఎంబీఆర్ అనే పాత స్కీమ్ కావాలి. అలాంటి మెషీన్‌కి విండోస్ 11 బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమే మేలు.

జవాబు (బరంపురం): రాసేముందు ఐఎస్‌ఓ ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్‌ని (ఫైలుకి వేలిముద్ర లాంటి కోడ్) మైక్రోసాఫ్ట్ పేజీలో ఉన్నదానితో పోల్చు. డౌన్‌లోడ్ పాడైతే ఇన్‌స్టాల్ సగంలో ఆగిపోతుంది.

ప్రశ్న (రాయగడ): బూట్ అయిందన్నా! కానీ డిస్క్ లిస్ట్ ఖాళీగా ఉంది.

జవాబు (పర్లాకిమిడి): ప్రాసెసర్ ఇంటెల్ 11వ తరం, ఆపైనా? అయితే వీఎండీ (డిస్క్‌ని నడిపే ఇంటెల్ ఏర్పాటు) వల్ల కావచ్చు. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి ఆర్‌ఎస్‌టీ డ్రైవర్ (ఆ డిస్క్‌ని ఇన్‌స్టాలర్‌కి కనిపించేలా చేసే సాఫ్ట్‌వేర్) దించి, జిప్ విప్పి, అదే పెన్‌డ్రైవ్‌లో వేసి ‘లోడ్ డ్రైవర్’ నొక్కు.