ఖమీర్ అంటే ఈస్టేనా? తెలుగులో ఏమంటారు?

కొత్తవంట:
పాతబస్తీలో నహారీ తినడానికి వెళ్తే తందూర్ దగ్గర ఆయన ఖమీర్ సరిగ్గా రాకపోతే నాన్ గట్టిగా వస్తది అన్నాడు. ఖమీర్ అంటే ఈస్టేనా? ఎక్కడి మాట ఇది? మనం పిండి పులిసింది అంటాం, పొంగింది అంటాం, రెండూ ఒకటేనా అండి?

పదాలపెట్టె:
అరబీ మాటండి, ఫార్సీ, ఉర్దూ మీదుగా మన దాకా వచ్చింది. అరబీలో ఖమ్ర్ అంటే మద్యం, రెండిటికీ ధాతువు ఒకటే. ఈస్ట్ ఒక్కదాన్నే కాదు, నిన్నటి పిండిముద్ద కొంచెం దాచి ఇవాళ్టి పిండిలో కలిపితే దాన్నీ ఖమీరే అంటారు. ఫ్రెంచ్ శాస్త్రవేత్త పాశ్చర్ 1857లో పులియడం సూక్ష్మజీవుల పనే అని పేపర్ రాసేదాకా కారణం ఏంటో గట్టిగా తేలలేదు, మాటలు మాత్రం అంతకుముందు నుంచే ఉన్నాయి, కంటికి ఏది కనిపిస్తే దాన్ని బట్టి పేరు పెట్టేసుకున్నారు. పిండిని పులియబెట్టేదాన్ని ఇంగ్లీషులో లెవెన్ అంటారు, అది లాటిన్ లెవారే నుంచి వచ్చింది, పైకి లేపడం అని. ఈస్ట్ అనే మాటకి మూలార్థం మరగడం, నురగ రావడం.

గోదారిగట్టు:
మనవాళ్లు రుచిని పట్టుకున్నారు. పులి అనే ధాతువు, పులుపు, పులుసు, పులిహోర అన్నీ దాంట్లోంచే. తమిళంలో పుళి అంటే చింతపండు కూడా, కన్నడలో పాత పకారం హకారం అయింది కాబట్టి హుళి. బైబిల్ తెలుగులోకి తెచ్చినవాళ్లు కూడా ఈ మాటే తీసుకుని పులియని రొట్టెల పండుగ అన్నారు, ఎంత చక్కగా కుదిరిందో చూడండి. పొంగడం వేరండి. పాలు పొంగుతాయి, పూరీ పొంగుతుంది, అక్కడ పులుపు లేదు. మజ్జిగ పులుస్తుంది కానీ పొంగదు. రెండూ జరిగేది పిండిలోనే.

డాలస్_వంటిల్లు:
ఇడ్లీ పిండికైతే ఈస్ట్ అస్సలు వేయకండి ప్లీజ్, వాసన మారిపోతుంది. మినప్పప్పు మీదా బియ్యం మీదా ఉండే బ్యాక్టీరియానే, ముఖ్యంగా ల్యూకోనోస్టాక్, పులుపూ ఇస్తుంది గ్యాసూ ఇస్తుంది, మినప్పిండి జిగురు ఆ గ్యాస్‌ని బయటికి పోనివ్వదు. చలికాలం మేం అవెన్‌లో లైట్ వేసి రాత్రంతా పెడతాం, పొద్దున గరిటెతో అడుగు నుంచి పైకి తీస్తే లోపలంతా జల్లెడలా బుడగలు.

కొత్తవంట:
చాలా థాంక్స్ అందరికీ. మా అమ్మమ్మ పాలు తోడేసేదాన్ని చేమిరి అంటది, పిండికీ ఆ మాట వాడొచ్చా?

గోదారిగట్టు:
చేమిరి పాలకేనండి. పిండికి మా ఇంట్లో "పాత పిండి ఓ గరిటె కలుపు" అనేస్తారు, అంతే.