కొబ్బరి కత్తికి గ్రైండరా, ఆకురాయా?

తోటవాకిలి (కోనసీమ):
మా తాతగారి నాటి కత్తి ఒకటి ఉంది. లారీ కమాను పట్టీతో ఊళ్లో కమ్మరి చేసి ఇచ్చినది. బోండాలు చెక్కాలన్నా, ఎండు మట్టలు కొట్టాలన్నా మా ఇంట్లో అదే. కిందటి నెల మట్టలో ఇరుక్కున్న ఇనుప తీగ చూసుకోకుండా కొట్టాను, వాదర మీద రెండు చోట్ల పళ్లు పోయాయి. టౌనులో ఒక దుకాణంలో ఇస్తే గ్రైండరు పెట్టి ఐదు నిమిషాల్లో అద్దంలా మెరిపించి ఇచ్చారు. ఆ సాయంత్రం చేతిమీది వెంట్రుక తెగింది. మర్నాడు పది బోండాలు చెక్కేసరికి మొద్దుబారింది. అప్పటి నుంచి రెండు రోజులకోసారి నూరాల్సి వస్తోంది. మా మేనమామ "గ్రైండరు కత్తి ప్రాణం తీస్తుంది, ఆకురాయి తప్ప ఇంకేదీ తాకనివ్వకు" అంటారు. దింపు తీసే కుర్రాళ్లేమో ఆకురాయి పట్టుకుని కూర్చునే తీరిక ఎవరికుంది అంటారు. చేత్తో పని చేసేవారు చెప్పండి, ఎవరి మాట నిజం?

కొలిమిగడప:
మీ మేనమామ గారి మాటే నిజం. ఎందుకో చెబుతాను. మా నాన్నగారు కత్తిని ఎర్రగా కాల్చి చల్లార్చాక, మళ్లీ సన్నని సెగ మీద పెట్టేవారు. మొదటిసారి చల్లార్చినప్పుడు ఉక్కు గట్టిపడుతుంది కానీ గాజులా పెళుసుగా ఉంటుంది. రెండో సెగ ఆ పెళుసుతనాన్ని తగ్గిస్తుంది. రుద్ది తెల్లగా చేసిన చోట రంగులు తిరుగుతుంటే కన్నార్పకుండా చూసేవారు. 230 డిగ్రీల దగ్గర ఎండుగడ్డి రంగు, తరువాత గోధుమ, ఊదా, 300 దగ్గర నీలం. నరికే కత్తికి ఊదా రంగు రాగానే తీసేసేవారు. గ్రైండరు చక్రం కింద సన్నటి వాదర కొన్ని క్షణాల్లోనే నీలం దాటి బూడిద రంగుకు పోతుంది. అక్కడ ఉక్కు మెత్తబడినట్టే. తరువాత ఎన్ని నీళ్లు పోసినా గట్టితనం తిరిగి రాదు.

అద్దంలా మెరిపించారంటున్నారు కాబట్టి ఆ రంగు చెరిగిపోయి ఉంటుంది. ఆకురాయితోనే పరీక్షించండి. వాదర పొడవునా ఒకే బలంతో రుద్దండి. గట్టి ఉక్కు మీద ఆకురాయి కాస్త జారుతూ గీరుతుంది. మెత్తబడిన చోట కరుచుకుని రజను ఎక్కువ రాలుస్తుంది. చేతికి ఇట్టే తెలిసిపోతుంది.

బోండాలబండి (విజయవాడ):
అన్నగారూ, మీ నాన్నగారి పనితనానికి దండం. కానీ ఎండాకాలంలో నా బండి మీద రోజుకు రెండు వందల బోండాలు తెగుతాయి. తెల్లవారి నాలుగింటికి సరుకు దిగుతుంది. ఆకురాయితో అరగంట కూర్చుంటే నా బేరం పక్క బండికి పోతుంది. ఎనిమిదేళ్లుగా గ్రైండరే వాడుతున్నాను, కత్తి బాగానే ఉంది. తప్పు గ్రైండరుది కాదు, పట్టించినవారిది. గట్టి రాతి చక్రం కాకుండా ఎమెరీ రేకుల చక్రం వేయాలి. ఒకచోట ఆపకుండా పిడి నుంచి కొనదాకా ఒక్క ఊపున లాగాలి. ప్రతి రెండు లాగులకు తడిగుడ్డతో తుడవాలి. చేయి పెడితే వేడి తగిలిందా, ఆపేయాలి.

కొలిమిగడప:
తమ్ముడూ, నువ్వు చెప్పిన జాగ్రత్తలన్నీ మంచివే. ఒక్కటి తప్ప. నువ్వు చేయి పెట్టేది కత్తి పక్కన, కాలేది వాదర. అక్కడ లోహం కాగితమంత పలుచన, వేడి వెళ్లే దారి ఉండదు. పక్కన చల్లగా ఉండగానే అంచు మాడిపోతుంది. నాలుగంగుళాల గ్రైండరు నిమిషానికి పదకొండు వేల చుట్లు తిరుగుతుంది, నీ చేయి దాన్ని అందుకోలేదు. పళ్లు పోయినప్పుడు మందం తీయడానికి గ్రైండరు వాడు, వద్దనను. ఆఖరి అంచు మాత్రం చేత్తోనే తీయి.

ఇంకో మాట అందరికీ. పైపులు కోసే పలుచని చక్రాన్ని పక్కవాటుగా కత్తికి ఆనించేవాళ్లను చూశాను. అది పగిలితే ముక్క నేరుగా ముఖం మీదికి వస్తుంది. దయచేసి ఆ పని చేయకండి.

సరుగుడుతోట (చీరాల వైపు):
మాకు సరుగుడు తోట ఉంది. రెమ్మలు కొట్టే కత్తులన్నీ నేనే నూరుతాను, అరగంట పడుతుందన్న మాట నేను ఒప్పుకోను. పళ్లు పోని కత్తికి పది నిమిషాలు చాలు.

కత్తిని మొద్దు మీద పెట్టి, వాదర బయటికి ఉండేలా రెండు మేకుల మధ్య బిగిస్తాను. ఆకురాయికి పిడి తప్పనిసరి, లేకపోతే తోక అరచేతిలో దిగుతుంది. ఆకురాయి ముందుకు తోసినప్పుడే కోస్తుంది. వెనక్కి వచ్చేటప్పుడు ఎత్తేయాలి, ఈడిస్తే దాని పళ్లే అరుగుతాయి. సుద్ద పూస్తే రజను పళ్లలో ఇరుక్కోదు. వాదర మీద స్కెచ్ పెన్నుతో నల్లగా గీసుకోండి, సిరా ఎక్కడ మిగిలితే అక్కడ ఆకురాయి తగలనట్టు.

వాలు విషయం. మా కత్తి వెడల్పు ఆరు సెంటీమీటర్లు. బల్ల మీద పడుకోబెట్టి వెన్నును రెండు సెంటీమీటర్లు ఎత్తితే దాదాపు 20 డిగ్రీలు, మూడు ఎత్తితే 30. పచ్చి రెమ్మలకు ఇరవై చాలు. ఆ వాలు కంటికి పట్టాక ఆకురాయిని అలాగే నడపండి. ఒక పక్క రుద్దుతూ ఉంటే అవతలి పక్క గోటికి తగిలే సన్నని పొర లేస్తుంది. అది పొడవునా లేచేదాకా ఆ పక్క పని అయినట్టు కాదు. అప్పుడు తిప్పి రెండో పక్క. చివరికి నీళ్లు చల్లిన సానరాయి నునుపు వైపు మీద నాలుగైదు సార్లు, ఆ పొర రాలిపోయేదాకా.

బోండాలబండి:
అక్కా, ఇరవై డిగ్రీలు పెడితే బోండాం టెంక దగ్గర అంచు మడత పడుతుంది. మాకు ముప్పై కావాలి.

సరుగుడుతోట:
నిజమే, మీ పనికి ముప్పయ్యే సరైనది. నేను చెప్పింది రెమ్మలకు.

కాలువగట్టు:
పని అయ్యాక కాలిన ఇంజనాయిలు పూసి పెట్టండి. మా సముద్రపు గాలికి రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది.

సరుగుడుతోట:
తుప్పు సంగతి ఒప్పుకుంటాను, ఇంజనాయిలు మాత్రం వద్దు. అదే కత్తితో కొట్టిన బోండాంను చంటిపిల్లలు నోట పెట్టుకుని తాగుతారు. బోండాం నీళ్లు, పసరు కడిగి, ఎండు గుడ్డతో తుడిచి, రెండు చుక్కల కొబ్బరి నూనె పూయండి. అది అవిసె నూనెలా ఎండి జిగురుకట్టదు. అవిసె నూనెను కర్ర పిడికి వాడండి, కర్ర పగుళ్లివ్వకుండా ఉంటుంది.

తోటవాకిలి:
అందరికీ కృతజ్ఞతలు. కొలిమిగడప గారు చెప్పినట్టే ఆకురాయి పెట్టి చూశాను. పిడి వైపు జానెడు పొడవున జారింది. పళ్లు తీసిన రెండు చోట్లా గట్టిగా కరుచుకుంది, కింద పరిచిన కాగితం మీద ఆ రెండు చోట్లే రజను కుప్పపడింది. దుకాణంవారు చక్రాన్ని నిలిపి ఉంచింది సరిగ్గా అక్కడే.

మూడు సాయంత్రాలు వాదరను పొడవునా అరగదీశాను. రెండు మిల్లీమీటర్లు పోయింది. మూడో రోజు కొన వైపు మచ్చ మీద ఆకురాయి జారడం మొదలైంది. నిన్న నలభై బోండాలు చెక్కాను, అక్కడ పదును నిలిచింది. నడిమి మచ్చ మాత్రం ఇంకా మెత్తగానే ఉంది, వేలికి అక్కడ వాదర గుండ్రంగా తగులుతోంది. ఇంకా ఎంత లోతుకు తీయాలో, అప్పటికి కత్తిలో ఏం మిగులుతుందో తెలియదు. ఆదివారం మేనమామతో కలిసి కొలిమికి వెళ్తున్నాను.