అప్‌డేట్: మేపుల్ ఆకుల రంగుల్లో నెయిల్ ఆర్ట్ కుదిరింది

ఇక్కడ మిషిగన్‌లో ఫాల్ మొదలైంది, ఆ ఎరుపూ నారింజా పసుపూ గోళ్ల మీద వేస్తే ఒకదాంట్లో ఒకటి కలిసి బురదలా అవుతున్నాయి, ఏం చేయాలి, చామనఛాయ చేతికి ఏ షేడ్లు నప్పుతాయి అని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

బ్రష్ పక్కన పెట్టి మేకప్ స్పాంజ్ వాడమన్న మాట బాగా పనిచేసింది. స్పాంజ్‌ని కొంచెం తడిపి పిండి, రంగుల్ని పక్కపక్కనే గీతలుగా పూసి గోరు మీద అద్దాను. ఎరుపుకీ పసుపుకీ మధ్యలో నారింజ ఉండాలి, కిటుకంతా అక్కడే. మొదటిసారి పల్చగా వస్తుంది, కంగారు పడకండి. ఆరాక మళ్లీ అద్దితే నిండుతుంది. గోరు చుట్టూ చర్మానికి లిక్విడ్ లేటెక్స్ (ఆరాక రబ్బరు పొరలా అయ్యే ద్రవం) రాస్తే అంటిన రంగంతా పొరలా ఊడొచ్చింది (లేటెక్స్ అలర్జీ ఉన్నవాళ్లు మాత్రం దాని జోలికి పోకండి).

ఇండీ పాలిష్‌లలో (చిన్న స్వతంత్ర బ్రాండ్లు చేసేవి) నా ఓటు చూసే కోణాన్ని బట్టి రంగు మారే మల్టీక్రోమ్‌కే. నల్ల పాలిష్ మీద వేస్తే చెయ్యి తిప్పినప్పుడల్లా రాగి రంగు ఆకుపచ్చలోకి మారుతోంది. విడిగా వేస్తే అంత మెరుపు లేదు. మాగ్నెటిక్ పాలిష్‌కి తడిగా ఉండగానే అయస్కాంతం దగ్గర పెట్టాలి, ఆరిపోతే లోపలి రేణువులు కదలవు. ఓ చిన్న బ్రాండ్ థర్మల్ పాలిష్ (వేడికీ చలికీ రంగు మారేది) మాత్రం గడ్డకట్టి వచ్చింది, డబ్బు దండగ.

షేడ్ల విషయానికొస్తే, ఆవపిండి పసుపు నా చేతికి వెలవెలబోయింది. ఇటుక రంగు, రాగి రంగు అదిరాయి. దీపావళికి కూడా ఇవే ఉంచేస్తున్నా.

గోళ్ల మీద స్టాంపుతో అచ్చేసిన ఆకుల డిజైన్ల మీద టాప్ కోట్ (చివరి పారదర్శక పూత) వేస్తే చెదిరిపోతున్నాయి. దానికేమైనా ఉపాయముంటే చెప్పండి.