1966 ఫెంటాస్టిక్ ఫోర్ 48 కవర్ మీద డిసెంబర్ స్టాంప్, లోపల ఎవరిదో పేరు: ఇది ఎవరెవరి చేతులు మారి వచ్చిందో పట్టుకోవడం ఎలా?

కాస్మిక్_కిరణ్:
అందరికీ నమస్తే. సిల్వర్ ఏజ్ (సుమారు 1956 నుంచి 1970 దాకా వచ్చిన) మార్వెల్ కామిక్స్ ఒక్కొక్కటిగా పోగేసుకుంటున్నా, ఎప్పట్నుంచో కావాలనుకుంటున్న ఫెంటాస్టిక్ ఫోర్ 48 ఈమధ్యే చేతికొచ్చింది. గెలాక్టస్ కథ మొదలయ్యేది, సిల్వర్ సర్ఫర్ మొదటిసారి కనిపించేది ఇందులోనే కదా, కిర్బీ గీసిన ఆ పేజీలు అసలు కాగితం మీద చూస్తుంటే కళ్లు తిప్పుకోబుద్ధి కాలేదు. స్లాబ్‌లో (గ్రేడ్ వేసి సీల్ చేసిన ప్లాస్టిక్ పెట్టెలో) లేదు, విడి కాపీయే.

విషయం ఏంటంటే, కవర్ మీద పైన కుడివైపు వంకాయరంగు ఇంకుతో చిన్న స్టాంప్ ఉంది, డిసెంబర్ అని తెలుస్తోంది, తేదీ అంకె సగం చెరిగిపోయింది. కవర్ మీదేమో మార్చి అని అచ్చేసి ఉంది. మొదటి పేజీ కింద మార్జిన్‌లో పెన్సిల్‌తో ఒక పిల్లాడి పేరు, వీధి, ఊరు, చివర్లో ఐదంకెల నంబర్ కూడా రాసి ఉన్నాయి. వెనక కవర్ మూలన ఒక అక్షరం, పక్కన అంకె, అది వేరే చేతిరాతలా ఉంది. అమ్మినాయన "ఇది మొదటి ఓనర్ కలెక్షన్ అండి, పెడిగ్రీ బుక్ లాంటిదే" అని చెప్పి రేటు కొంచెం ఎక్కువే తీసుకున్నాడు, కాగితం మాత్రం ఏదీ ఇవ్వలేదు.

మార్చి బుక్ మీద డిసెంబర్ స్టాంప్ ఎలా వస్తుంది, ఇదేమైనా తేడా బుక్కా? ఆ పిల్లాడు ఎవరో, వాడి దగ్గర్నుంచి ఇక్కడిదాకా ఎలా వచ్చిందో తెలుసుకునే దారి ఉందా? ఇంకోటి, నా ఫ్రెండ్ ఒకడు పెన్సిల్ రాతలన్నీ రబ్బరుతో చెరిపేసి, ప్రెస్ చేయించి (వేడి, ఒత్తిడితో వంపులు సరిచేయించి) గ్రేడింగ్‌కి పంపు, గ్రేడ్ పెరుగుతుంది అంటున్నాడు. చెరపనా వద్దా?

న్యూస్‌స్టాండ్_రవి:
ముందు ఆ రబ్బరు పక్కన పెట్టేయండి కిరణ్ గారు, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

స్టాంప్‌లో తేడా ఏం లేదు, అలా ఉండటమే కరెక్ట్. అప్పట్లో అమెరికాలో కామిక్ మీద వేసే నెల అది అమ్మకానికి వచ్చిన నెల కాదు, రెండు మూడు నెలలు ముందుకి వేసేవాళ్లు, షాపులో ఉన్నన్నాళ్లూ పాతబడినట్టు కనపడకూడదని. యాక్షన్ కామిక్స్ 1 మీద జూన్ 1938 అని ఉంటుంది, షాపుల్లోకి వచ్చింది ఏప్రిల్‌లోనే. మీ బుక్ 1965 డిసెంబర్‌లో స్టాండ్ మీదకి వచ్చింది కాబట్టి స్టాంప్, కవర్ నెల రెండూ సరిగ్గా కుదిరాయి. కుదరకపోతే అప్పుడు అనుమానపడాలి.

ఆ స్టాంప్ ఎందుకు వేసేవాళ్లంటే, ఈ బుక్స్ అమ్ముడుపోకపోతే వెనక్కిచ్చి డబ్బు తీసుకునే పద్ధతి ఉండేది, దేన్ని ఎప్పుడు స్టాండ్ మీంచి తీసేయాలో తెలియాలంటే ఎప్పుడొచ్చిందో గుర్తుండాలి, అందుకని కొంతమంది తేదీ స్టాంప్ కొట్టేవాళ్లు, కొంతమంది పెన్సిల్‌తో అంకె వేసేవాళ్లు, ఇంకొంతమంది అక్షరం పెట్టేవాళ్లు. వెనక్కి పంపేటప్పుడు మొత్తం బుక్ మోయడం ఎందుకని కవర్ పైభాగం చింపి అదొక్కటే పంపేవాళ్లు, మిగిలింది పారేయాలి. పైన మూడో వంతు కవర్ లేని పాత కామిక్స్ అక్కడక్కడా కనిపిస్తాయి చూడండి, అవి పారేయకుండా ఎవరో దాచుకున్నవి.

ఇవన్నీ కొత్తవాళ్లకి మురికిలా కనిపిస్తాయి కానీ ఆ బుక్ పుట్టినప్పటి నుంచీ దానితోపాటు ఉన్న సాక్ష్యం ఇదొక్కటే. ఎడ్గర్ చర్చ్ కలెక్షన్ సంగతి తెలిసే ఉంటుంది, మైల్ హై అంటారు, 1977లో కొలరాడోలో చక్ రొజాన్‌స్కీ కొన్నాడు, గోల్డెన్ ఏజ్ (1930ల చివర్నుంచి 50ల దాకా వచ్చిన) బుక్స్ వేలకొద్దీ, కొత్తవాటిలా. చర్చ్ బొమ్మలు గీసే మనిషి, పుస్తకాల్ని గుట్టలు గుట్టలుగా గట్టిగా పేర్చేశాడు, అక్కడి గాలి పొడిగా ఉంటుంది, మధ్యలోకి గాలి వెలుతురు దూరలేదు, కవర్ రంగులు అలాగే నిలిచాయి, పేజీలు తెల్లగానే ఉన్నాయి. ఆ బుక్స్‌లో చాలావాటి మీద పెన్సిల్ కోడ్‌లు ఉంటాయి, ఈరోజు ఒక బుక్ చర్చ్ కాపీయా కాదా అని తేల్చేటప్పుడు నిపుణులు ముందు చూసేవాటిలో ఆ కోడ్‌లు ఒకటి. ఎవరైనా శుభ్రంగా ఉండాలని వాటిని చెరిపేసి ఉంటే ఆ బుక్ తన పుట్టుపూర్వోత్తరాలు తనే పోగొట్టుకున్నట్టు.

స్టేపుల్_సుధ:
రవి గారు స్టాంప్ గురించి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ కిరణ్, స్టాంప్ చెప్పేది ఒక్కటే, ఫలానా తేదీన ఈ కాపీ ఏదో ఒక షాపుకి చేరింది అని. ఆ తర్వాత అరవై ఏళ్ల గురించి అది ఏమీ చెప్పదు. మొదటి ఓనర్ కలెక్షన్ అన్న మాటకి కాగితం లేకపోతే అది వట్టి మాటే, దానికి పైసా ఎక్కువ ఇవ్వాల్సిన పనిలేదు, నేనింత గట్టిగా ఎందుకంటున్నానంటే ఈ మాట ఇప్పుడు ప్రతి రెండో లిస్టింగ్‌లోనూ కనిపిస్తోంది.

పెడిగ్రీ అనేది ఎవరు పడితే వాళ్లు తగిలించే పేరు కాదు. ఒకే మనిషి షాపులో కొత్తగా వచ్చినప్పుడే కొని ఉండాలి, ఏళ్ల తరబడి కొని ఉండాలి, కండిషన్ చాలా బాగుండాలి, మొత్తం కలెక్షన్ ఒకేచోట బయటపడ్డట్టు దాఖలా ఉండాలి. అవన్నీ కుదిరితేనే కామిక్స్‌కి గ్రేడ్ వేసే సంస్థ సీజీసీ తన లేబుల్ మీద ఆ పేరు వేస్తుంది. లామాంట్ లార్సన్ కలెక్షన్ తీసుకో, నెబ్రాస్కాలో చిన్న ఊరి కుర్రాడు, షాపాయన అతని కోసం పక్కన పెట్టే కాపీల కవర్ మీద పెన్సిల్‌తో లార్సన్ అని రాసేవాడు. ఇప్పుడు ఆ రాత ఉన్న బుక్ అంటే జనం ఎగబడతారు. శాన్‌ఫ్రాన్సిస్కో కలెక్షన్ అని ఇంకోటి ఉంది, టామ్ రైలీ అనే కుర్రాడిది, నేవీలో చేరి రెండో ప్రపంచయుద్ధంలో చనిపోయాడు, అమ్మానాన్నలు ఆ పుస్తకాలు అలాగే దాచారు, 1970లలో గానీ బయటికి రాలేదు. ఆ కాపీల్లో ఒకటి చేతిలోకి వస్తే దాని గ్రేడ్ ఎంత అని అడగాలని కూడా అనిపించదు.

ఇక నీ బుక్‌లో ఉన్న అడ్రస్ గురించి. ఐదంకెల నంబర్ అంటే జిప్ కోడ్, అది అమెరికాలో 1963 జులైలో మొదలైంది, అంతకుముందు పెద్ద ఊళ్లకి ఒకటి రెండంకెల పోస్టల్ జోన్ ఉండేది. నీది 66 బుక్ కాబట్టి జిప్ ఉండటం సహజమే. అదే 40ల నాటి బుక్ మీద పేరు పక్కన జిప్ కోడ్ కనిపిస్తే ఆ రాత బుక్ కంటే ఇరవై ఏళ్లు చిన్నది, అది మొదటి ఓనర్ రాత అని ఎవడైనా అంటే నమ్మొద్దు. ఇలాంటివి చూసే అలవాటు చేసుకుంటే అమ్మేవాడి కథ ఎక్కడ తెగుతుందో మనకే తెలిసిపోతుంది.

బుక్ మధ్యలో పైనుంచి కిందిదాకా నిలువుగా మడత ఉందా? అప్పట్లో చందా కట్టినవాళ్లకి కామిక్‌ని నిలువుగా సగానికి మడిచి కాగితం చుట్టి పోస్టులో పంపేవాళ్లు. నీ దాని మీద షాపు స్టాంప్ ఉంది కాబట్టి మడత ఉండకూడదు, ఒకసారి చూసి చెప్పు.

మైలార్_మూర్తి:
ఆ పిల్లాడిని వెతకాలనుకుంటే ఒక మాట ముందే చెప్తున్నా, ఆ పేరూ అడ్రస్ ఉన్న ఫోటో ఇక్కడ మాత్రం పెట్టకండి, ఆయన బతికే ఉండొచ్చు, ఉంటే ఇప్పుడు డెబ్బై దాటిన పెద్దాయన. అమెరికా జనాభా లెక్కల వివరాలు 72 ఏళ్లకి గానీ బయటపెట్టరు, 1950వి 2022 ఏప్రిల్‌లో వచ్చాయి, 1965లో కామిక్స్ కొనుక్కునే వయసు పిల్లాడు 1950 నాటికి పుట్టి ఉండకపోవచ్చు గానీ వాళ్ల ఇల్లు ఆ వీధిలో దొరికే అవకాశం ఉంది. ఊరి లైబ్రరీలో పాత సిటీ డైరెక్టరీలు, హైస్కూల్ ఇయర్‌బుక్‌లు ఉంటాయి. దొరికితే మర్యాదగా ఒక ఉత్తరం రాయండి, ఎప్పుడు కొన్నారు, ఎప్పుడు వదిలేశారు, ఎవరికిచ్చారు అని. జవాబొస్తే అది సంతకంతో దాచండి. ఆ ఒక్క ఉత్తరం అమ్మినాయన చెప్పిన కథలన్నిటికంటే గట్టిది.

ఆ వైపు నుంచి రాకపోతే ఇటువైపు నుంచి వెనక్కి వెళ్లాలి. అమ్మినాయన్ని ఎక్కడ కొన్నావు అని అడగండి, వేలంపాటలో అయితే లాట్ నంబర్ అడగండి. హెరిటేజ్, కామిక్‌కనెక్ట్ లాంటి సంస్థలు పాత వేలాల ఫోటోలు ఆన్‌లైన్‌లో ఉంచుతాయి, అవి పెద్దవి చేసి మీ బుక్ పక్కన పెట్టి చూడండి. అచ్చులో అన్నీ ఒకటే అనుకుంటాం గానీ ఏ రెండు కాపీలూ ఒకటి కావు. స్టేపుల్ మడత మీద పడిందా పక్కకి జరిగిందా, కవర్ వంకరగా కత్తిరించబడి వెనక బొమ్మ ముందుకి ఎంత వచ్చింది, ఏ మూలన ఎంత అరిగింది, స్టాంప్ ఏ అక్షరం మీద పడింది. ఈ నాలుగూ కలిస్తే అది వేలిముద్రే.

నికొలస్ కేజ్ యాక్షన్ కామిక్స్ 1 దొరికింది ఇలాగే. 2000లో ఆయన ఇంట్లోంచి పోయింది, 2011లో కాలిఫోర్నియాలో శాన్ ఫెర్నాండో వ్యాలీ దగ్గర ఒక స్టోరేజ్ లాకర్‌లో బయటపడింది, ఆ కాపీని అంతకుముందు ఆయనకి అమ్మిన డీలరే చూసి ఇది అదే అని గుర్తుపట్టాడు. అదే ఏడు నవంబర్‌లో 21 లక్షల 60 వేల డాలర్లకి అమ్ముడుపోయింది. గుర్తులు, పాత రికార్డు లేకపోతే అది ఎవరిదో తేలేదే కాదు.

స్లాబ్ బుక్స్‌కైతే సర్టిఫికెట్ నంబర్ ఉంటుంది, దాన్ని పట్టుకుని వెతకొచ్చు. కానీ ఎవరైనా స్లాబ్ పగలగొట్టి, ప్రెస్ చేయించి మళ్లీ పంపితే కొత్త నంబర్ వస్తుంది, పాత నంబర్‌తో లింక్ తెగిపోతుంది. అందుకే నేను నంబర్ కంటే ఫోటోనే నమ్ముతా.

గ్రేడ్_గోపి:
నేను కొంచెం వేరేగా ఆలోచిస్తా. కిరణ్ బ్రో ఫ్రెండ్ చెప్పింది మొత్తం కొట్టిపారేయక్కర్లేదు. ప్రెసింగ్‌ని సీజీసీ రిస్టోరేషన్ కింద లెక్కేయదు, మామూలు బుక్స్‌కి వేసే బ్లూ లేబులే వస్తుంది, వంపులు సొట్టలు పోతాయి, మంచి చేతుల్లో పడితే బుక్‌కి నష్టం లేదు. కానీ కలర్ టచ్ (పోయిన రంగు మళ్లీ వేయడం), అంచులు కత్తిరించడం ఇవి చేస్తే రిస్టోర్ చేసిన బుక్ అని చెప్పే పర్పుల్ లేబులే, రేటు పడిపోతుంది. బ్లాక్‌లైట్ (అతినీలలోహిత లైట్) కింద పెడితే తర్వాత వేసిన రంగు వేరేగా మెరుస్తుంది, నీది విడి కాపీ కాబట్టి ముందు ఆ లైట్ వేసి చూడు, ముఖ్యంగా వెన్నుమడత దగ్గర నల్లరంగు ఉన్నచోట.

పేరు చెరిపే విషయంలో మాత్రం నేనూ వద్దనే అంటా. న్యూస్‌ప్రింట్ మెత్తటి కాగితం, రబ్బరు రుద్దితే పైపొర లేచిపోయి నూగులా అవుతుంది, లైటు పక్కనుంచి వేస్తే అక్షరాల పల్లం అలాగే కనిపిస్తుంది. పేరూ పోతుంది, మచ్చా మిగులుతుంది.

కాస్మిక్_కిరణ్:
అందరికీ చాలా చాలా థ్యాంక్స్. రబ్బరు మాట ఇక లేదు. సుధ గారు, నిలువు మడత లేదు, వెన్ను దగ్గర చిన్న ఒత్తుడు గీతలు తప్ప శుభ్రంగానే ఉంది. బ్లాక్‌లైట్ వేసి చూశా గోపి, వెన్ను పొడవునా ఒకేలా ఉంది, ఎక్కడా మెరవలేదు.

లెన్స్ పెట్టి చూస్తే ఇంకోటి కనిపించింది. వెనక కవర్ మీద అక్షరం, అంకె అన్నాను కదా, దాని కింద చాలా లేతగా గుండ్రటి స్టాంప్ ఉంది, లోపల 9, పక్కన చిన్న డి. ఇదేంటి?

న్యూస్‌స్టాండ్_రవి:
అబ్బ, ఇది బాగుంది! 9డి అంటే తొమ్మిది పెన్నీలు, 1971కి ముందు బ్రిటన్‌లో పెన్నీని డి అనే రాసేవాళ్లు. అక్కడికి అమెరికన్ కామిక్స్ దిగుమతయ్యేవి, థోర్ప్ అండ్ పోర్టర్ అనే సంస్థ వాటిమీద రేటు స్టాంప్ కొట్టి అమ్మేది. వాళ్ల స్టాంప్ మామూలుగా ముందు కవర్ మీదే ఉంటుంది, వెనకాల అంటే ఎవరు కొట్టారో చూడాలి, చుట్టూ అక్షరాలేమైనా చదవగలిగితే చెప్పండి.

కానీ ఒకటి ఆలోచించండి. అమెరికా షాపు తేదీ, అమెరికా పిల్లాడి అడ్రస్, ఆపైన బ్రిటన్ రేటు. అంటే ఈ బుక్ ఆ పిల్లాడి చేతిలోంచి వెళ్లి సముద్రం దాటి ఇంకోసారి అమ్ముడుపోయి ఉండాలి, అదీ 1971 లోపే. మొదటి ఓనర్ దగ్గర్నుంచి నేరుగా వచ్చిందన్న మాట ఇక్కడే తేలిపోయింది. అమ్మినాయన్ని ఈ స్టాంప్ గురించి అడగండి.

స్టేపుల్_సుధ:
అడిగేటప్పుడు ఫోన్‌లో కాకుండా మెయిల్‌లో అడుగు కిరణ్, ఆయన ఏం చెప్పినా రాతలో ఉంటుంది. నువ్వు కొన్న తేదీ, ఇచ్చిన మొత్తం, ఈరోజు తీసిన ముందు వెనక ఫోటోలు, ఆ మెయిల్, అన్నీ ప్రింట్ తీసి యాసిడ్ లేని కవర్‌లో వేరేగా పెట్టు, బుక్ ఉన్న మైలార్‌లో (పారదర్శక ప్లాస్టిక్ కవర్‌లో) మాత్రం పెట్టకు, ప్రింట్ కాగితంలో ఆమ్లం ఉంటే అది పేజీలకి దిగుతుంది.

కాస్మిక్_కిరణ్:
మెయిల్ పంపాను. స్టాంప్ చుట్టూ రెండు అక్షరాలు ఉన్నట్టున్నాయి, రేపు పగటి వెలుతురులో ఫోటో తీసి పేరు భాగం మూసేసి పెడతా, రవి గారూ మీరు ఒకసారి చూడండి.