గార్ప్ ఏస్‌ని ఎందుకు కాపాడలేదు? వన్ పీస్ (జపాన్ కామిక్) చదివేవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. నిన్న గంటస్తంభం దగ్గర టీ తాగుతూ మా బావతో మొదలైన వాదన ఇంకా తెగలేదు, మీరే తేల్చాలి.

నేవీ స్థావరం మెరీన్‌ఫోర్డ్‌లో పైరేట్ ఏస్‌కి మరణశిక్ష వేయబోతుంటే యుద్ధం జరుగుతుంది. అన్నలాంటి ఏస్ కోసం దూసుకొస్తున్న లూఫీకి, ఇద్దరికీ తాత వరసైన నేవీ అధికారి గార్ప్ అడ్డంగా నిలబడతాడు. పిడికిలి ఎత్తుతాడు. సరిగ్గా అప్పుడే ఆ ఇద్దరి చిన్నతనం గుర్తొచ్చి కళ్లు మూసుకుంటాడు, మనవడి దెబ్బకి కింద పడిపోతాడు. ఆ పేజీ ఎన్నిసార్లు చూసినా నాకు గొంతు పట్టేస్తుంది. కావాలనే దారి వదిలాడా, కొట్టడానికి చెయ్యి రాలేదా?

ఏస్ చనిపోయాక మాత్రం, అతన్ని చంపిన నేవీ అడ్మిరల్ అకైనుని చంపేస్తానేమో, నన్ను వదలొద్దని తనని పట్టుకున్న నేవీ అధిపతి సెంగోకుతో అంటాడు గార్ప్. అంత ప్రేమ ఉన్నవాడు ముందే ఎందుకు కదల్లేదు?

"ఉద్యోగమే ముఖ్యం అనుకున్నాడు, అంతే" అంటాడు బావ. నేను ఒప్పుకోను. తర్వాత పైరేట్లు ఎత్తుకెళ్లిన తన శిష్యుడు కోబీ కోసం పైరేట్ల దీవి హచినోసుకే వెళ్లాడు కదా! ఏస్‌ని పోగొట్టుకున్న బాధే అక్కడికి తీసుకెళ్లిందా, లేక కోబీ నేవీ మనిషి కాబట్టి వెళ్లగలిగాడా?

మీకు ఏమనిపిస్తోందో చెప్పండి. ఆధారంగా చాప్టర్ నెంబరు కూడా ఇస్తే ఈ రాత్రికే మళ్లీ చదువుతాను.