గుత్తి కోట పైకి రోప్‌వే వేయాలా, వద్దా?

అనంతపురం అబ్బాయి:
మొన్న ఆదివారం మాయమ్మను గుత్తి కోటకు పిలుచుకొని పోయినాను. మూడో వాకిలి దాటేసరికి మోకాళ్లు పట్టుకుని కూర్చుండిపోయింది. "నువ్వు పోయి చూసి రా నాయనా, ఫోన్‌లో చూపిద్దువు" అనింది. పైన, ఒకప్పుడు ఈ కోటను ఏలిన మరాఠా నాయకుడు మురారిరావు గద్దె దగ్గర నిలబడితే కింద ఊరంతా కనిపిస్తుంది, పక్కన అమ్మ మాత్రం లేదు. చుట్టూ ఉన్న నేలకన్నా దాదాపు 300 మీటర్ల ఎత్తు. పెద్దవాళ్లు ఎట్లా ఎక్కాలి? రోప్‌వే వేస్తే తప్పేముంది?

గుత్తి మాస్టారు:
వద్దు నాయనా. అమ్మ కష్టం నాకు తెలుసు, నాకూ అరవై దాటినాయి. అయినా ఈ కోటలో చూడాల్సింది పైనుండే కట్టడాలే కాదు, ఆ దారి కూడా. ఒక వాకిలి దాటితే మలుపు, మలుపు తిరిగితే ఎదురుగా బురుజు. శత్రువు ఎంత దూరం ఎక్కినా పైవాడి కంట్లోనే ఉంటాడు. అందుకే 1776లో హైదర్ అలీ చుట్టుముట్టినప్పుడు కోటను నీళ్ల కరువే ఓడించింది. కొండ మీద తాగడానికి నీళ్లు అయిపోయినాక మురారిరావు లొంగిపోక తప్పలేదు. కొండ మీద వాన నీళ్లు నిలిచే ఆ రాతి గుండాల పక్కన ఎండలో నిలబడితే ఆ దాహం ఎట్లాంటిదో ఒంటికి తెలుస్తుంది. తీగ మీద వేలాడుతూ పోతే తెలియదు.
ఇప్పుడు ఎక్కేవాళ్లకూ అదే కరువు. ముందు గుండాల్లో పూడిక తీయించండి, దారిలో తాగునీళ్లు పెట్టించండి. గద్దె మీద అద్దంలా మెరవాల్సిన సున్నం పూతను మేకుతో గీకి పేర్లు రాస్తున్నారు, కాపలా మనిషిని పెట్టండి.

ఇంజనీరు:
ఇంకో మాట. ఇది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. చుట్టూ 100 మీటర్లలో కొత్త నిర్మాణాలు నిషేధం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్ల వరకు అనుమతి ఉంటేనే. రోప్‌వే స్తంభాలకు రాయి తొలచడం అంత సులువు కాదు.

అనంతపురం అబ్బాయి:
మాస్టారూ, నీళ్ల మాట ఒప్పుకుంటాను. మూడో వాకిలి నీడలో ఒక అరుగు, కుండలో నీళ్లు ఉండుంటే మాయమ్మ కాసేపు ఆగి ఇంకో వాకిలి చూసేదే. కానీ అసలు నడవలేని వాళ్ల సంగతి మీరింకా చెప్పలేదు.