బర్నార్డ్ నక్షత్రానికి నాలుగు గ్రహాలట. ఈసారైనా నమ్మొచ్చా?

చుక్కలపిచ్చి:
ఆల్ఫా సెంటారీలోని మూడు చుక్కల తర్వాత మనకు దగ్గరి చుక్క ఇదే. ఆరు కాంతి సంవత్సరాల దూరంలో ఒంటరిగా ఉన్న ఎర్ర మరుగుజ్జు, అంటే సూర్యుడికంటే చిన్నదీ చల్లనిదీ అయిన ఎర్రటి చుక్క. 2025 మార్చిలో దీని చుట్టూ నాలుగు గ్రహాలున్నాయని ప్రకటించారు. నాకైతే నమ్మబుద్ధి కావట్లేదు. అమెరికాలోని స్ప్రౌల్ అబ్జర్వేటరీలో పీటర్ వాన్ డి కాంప్ 1938 నుంచి ఈ చుక్క ఫోటో ప్లేట్లు పోగేసి, అది అటూఇటూ ఊగుతోందని, దాన్ని లాగుతున్న గురుడికంటే బరువైన గ్రహం ఉందని 1963లో చెప్పాడు. 1973లో గేట్‌వుడ్, ఐక్‌హార్న్ వేరే అబ్జర్వేటరీల ప్లేట్లు కొలిస్తే ఆ ఊగిసలాట జాడే లేదు. స్ప్రౌల్ టెలిస్కోపు లెన్స్‌ను సర్దినప్పుడల్లా వేరే చుక్క కూడా జరిగినట్టే కనిపించిందని అదే అబ్జర్వేటరీకి చెందిన హెర్షీ తేల్చాడు. వాన్ డి కాంప్ మాత్రం 1995లో పోయేదాకా ఒప్పుకోలేదు. 2018లో మళ్లీ 233 రోజులకోసారి చుట్టే గ్రహం అన్నారు. 2021కల్లా అది నక్షత్రం మీది అలజడేనని తేలింది. మూడోసారి ఎందుకు నమ్మాలి?

పక్కింటి ప్లూటో:
చుక్కలపిచ్చి గారూ, వాన్ డి కాంప్ లెక్క తప్పింది ఇంకో చోటి ప్లేట్లతో పోల్చినప్పుడే కదా! ఈసారి ఆ పోలిక ముందే జరిగింది. గ్రహం లాగడం వల్ల చుక్క మన వైపుకూ అవతలికీ కదిలే వేగాన్ని దాని వెలుగులోంచి కొలిచే చిలీలోని ఎస్ప్రెసో పరికరం 2024లో 3.15 రోజుల గ్రహాన్ని పట్టింది, మరో మూడు ఉండొచ్చంది. హవాయిలో జెమిని నార్త్ టెలిస్కోపు మీదున్న అలాంటి పరికరమే మారూన్-ఎక్స్ వేరే బృందం చేతిలో వేరే రాత్రుల్లో చూసి, దాన్నే మళ్లీ పట్టింది. పైగా ఈ చుక్క తన చుట్టూ తాను తిరగడానికి నాలుగు నెలలకు పైనే పడుతుంది. గ్రహాలన్నీ ఏడు రోజుల్లోపు చుట్టేవి. చుక్క మీది మచ్చలు దాంతో పాటే తిరుగుతాయి కాబట్టి వాటి వల్ల వచ్చే మోసం ఇంత పొట్టి కాలాల్లో దొరకడం కష్టం.

చుక్కలపిచ్చి:
మొదటిది సరే. నాలుగోదాని సంగతి? 6.74 రోజులది మారూన్-ఎక్స్ ఒక్కదాని లెక్కల్లో గట్టిగా నిలవలేదు, ఎస్ప్రెసో కొలతలు కలిపాకే తేలింది. అది లాగడం వల్ల నక్షత్రం కదిలే వేగం సెకనుకు 20 సెంటీమీటర్ల చిల్లర. పాకే పసిపాప అంతకంటే జోరుగా పోతుంది!

అమావాస్య రాత్రి:
మీ తగువు బాగుంది గానీ, అక్కడ జీవం ఉంటుందా అన్నదే జనం అడిగేది. ఈ నాలుగింటి మీదా కష్టమే. 3.15 రోజులదాని మీదే వేడి సుమారు 125 డిగ్రీలు. నీళ్లు నీళ్లుగా నిలవాలంటే పది రోజులకు మించిన కక్ష్య కావాలి. అక్కడ భూమంత బరువున్నది ఉంటే ఈపాటికి కనబడేదే.

పక్కింటి ప్లూటో:
కక్ష్య మనకు పక్కవాటుగా, అంటే అంచు వైపు నుంచి కనిపించేలా ఉంటేనే ఆ మాట. ఇవేవీ మనకూ నక్షత్రానికీ మధ్య అడ్డు రావట్లేదు, కక్ష్య వాలు తెలియదు, అందుకే వాటి బరువులన్నీ కనీస అంచనాలు. వాలు ఎక్కువైతే భూమంతది కూడా తప్పించుకోవచ్చు.

చుక్కలపిచ్చి:
సరే, మూడింటికి ఒప్పుకుంటా. నాలుగోదాన్ని మూడో పరికరం విడిగా పట్టినప్పుడు చూద్దాం.